చుక్క ఎందుకు ఆగిపోతుంది? శాటిలైట్ ట్రాకర్ బ్యాటరీ లెక్క

ఏటా జూన్ రెండో శుక్రవారం కెనడాలోని బాన్ఫ్‌లో కొంతమంది సైక్లిస్టులు బయల్దేరతారు. రాకీ పర్వతాల వెంట దక్షిణానికి దాదాపు 4,400 కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్లి, మెక్సికో సరిహద్దు మీదున్న యాంటిలోప్ వెల్స్‌లో దిగుతారు. దీని పేరు టూర్ డివైడ్. వెనక కారు రాదు, నీళ్లందించేవాళ్లుండరు. ముందు వరసవాళ్లు రెండు వారాల్లోపే ముగిస్తారు. మిగతావాళ్లకు మూడు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. దారిలో చాలాచోట్ల సెల్ టవర్ ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లకు కనిపించేది మ్యాప్ మీద పాకే ఒక చుక్క మాత్రమే. సైకిల్‌కు కట్టిన శాటిలైట్ ట్రాకర్ అనే చిన్న పెట్టె ఉపగ్రహం ద్వారా పంపేది దాన్నే.

ఆ చుక్క ఆగితే ఇంటి దగ్గర ముద్ద దిగదు. మామూలుగా అయితే మనిషి ఆగి ఉండాలి, లేదా ట్రాకర్‌కు ఆకాశం కనబడకుండా ఉండాలి, లేదా బ్యాటరీ అయిపోయి ఉండాలి. మొదటి రెండూ వాటంతటవే సర్దుకుంటాయి. మూడోది సర్దుకోదు. పైగా ప్రాణం మీదకొస్తే నొక్కాల్సిన ఎస్‌ఓఎస్ బటన్ పనిచేసేది కూడా ఆ బ్యాటరీతోనే.

బ్యాటరీ మిగల్చాలనగానే అందరి చెయ్యీ ముందు ఇంటర్వెల్ సెట్టింగ్ మీదకు పోతుంది. పది నిమిషాలకోసారి పంపేదాన్ని ముప్పై నిమిషాలు చేస్తారు. దానివల్ల లాభం ఉంది, కానీ అనుకున్నంత లేదు. ట్రాకర్‌ను ఎక్కడ, ఎటు తిప్పి కట్టాం అన్నది అంతకన్నా పెద్ద సంగతి. ఇది ఎందుకో తెలియాలంటే ఒక్క చుక్క పంపడానికి ఆ పెట్టె ఏం చేస్తుందో చూడాలి.

ఒక చుక్క ఖరీదు

ట్రాకర్ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. అప్పుడు దాని ఖర్చు చాలా తక్కువ. ఇంటర్వెల్ పూర్తికాగానే లేచి, ముందు జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు విని తానెక్కడుందో తేల్చుకుంటుంది. తర్వాత సమాచార ఉపగ్రహాన్ని వెతికి ఆ స్థానాన్ని పంపుతుంది. రెండు వైపులా మాట్లాడే రకమైతే అందిందన్న జవాబు కోసం చెవి ఒగ్గి, మనకేమైనా సందేశాలున్నాయేమో అడిగి, మళ్లీ పడుకుంటుంది.

ఇందులో ఖరీదైన పని ఉపగ్రహంతో మాట్లాడటం. ఇరిడియం అనే ఉపగ్రహ వ్యవస్థతో మాట్లాడటానికి చిన్న ట్రాకర్లలో తరచూ వాడే ఇరిడియం 9603 మోడెమ్‌నే తీసుకుందాం. 5 వోల్టుల దగ్గర ఊరికే వింటూ కూర్చుంటే సగటున 34 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. సందేశం పంపేటప్పుడు సగటు 150 దాకా పోతుంది. పంపే ఆ క్షణం మాత్రం శిఖరం 1.3 ఆంపియర్లు. ఈ శిఖరం సంగతి గుర్తుపెట్టుకోండి, చలి దగ్గర మళ్లీ దీనితో పనిపడుతుంది.

ఇప్పుడు ఇరిడియంతో నడిచే గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2 అనే ట్రాకర్‌కు తయారీదారు ఇచ్చిన అంకెలు చూద్దాం. ఆకాశం పూర్తిగా తెరిచి ఉంటే పది నిమిషాల ఇంటర్వెల్‌తో 14 రోజులు, ముప్పై నిమిషాలతో 30 రోజులు. ఓ మోస్తరు చెట్ల కింద అవే 5 రోజులు, 10 రోజులు. ఈ నాలుగు అంకెల్లోనే కథంతా ఉంది.

పది నిమిషాలకు ఒకటి చొప్పున రోజుకు 144 చుక్కలు. ముప్పై నిమిషాలకైతే 48. చుక్కలు మూడో వంతుకు తగ్గినా బ్యాటరీ మూడింతలు రావడం లేదు, రెండింతలకు కొంచెం పైన ఆగిపోయింది. ఎందుకంటే చుక్కలతో సంబంధం లేకుండా రోజూ పోయే స్థిర ఖర్చు ఒకటుంది. రెండు సమీకరణాలు రాసి విడగొడితే, తెరిచిన ఆకాశం కింద ఒక్కో చుక్క బ్యాటరీలో సుమారు 0.04 శాతం తింటుంది, స్థిర ఖర్చు రోజుకు దాదాపు 1.4 శాతం. లోపలున్నది 1250 ఎంఏహెచ్ బ్యాటరీ, అంటే సుమారు 4.6 వాట్-అవర్లు. ఆ లెక్కన చుక్కకు ఆరేడు జౌళ్లు. పైన చెప్పిన మోడెమ్ పది సెకన్లు కూడా పనిచేయకుండానే అంత ఖర్చు చేస్తుంది. అంటే ఆకాశం బాగుంటే పని చిటికెలో అయిపోతోందన్నమాట.

చెట్ల కింద అంకెలతో ఇదే లెక్క వేస్తే చుక్క ఖరీదు రెండున్నర రెట్లు పెరుగుతుంది. స్థిర ఖర్చు రోజుకు 5 శాతం దాకా పోతుంది. గుండ్రటి అంకెల మీద కట్టిన లెక్క ఇది, దశాంశాలు పట్టుకుని వేలాడకండి. దిశ మాత్రం స్పష్టమే. పది నిమిషాలను ముప్పై చేస్తే బ్యాటరీ రెండింతలు వస్తుంది. చెట్టు కింది నుంచి బయటికొస్తే దాదాపు మూడింతలు వస్తుంది. ఇంటర్వెల్ పెంచితే మ్యాప్ మీద మీ జాడ పలచబడుతుంది, పడిపోయినప్పుడు వెతకాల్సిన మేర మూడింతలవుతుంది. ట్రాకర్‌ను సరిగ్గా కడితే పోయేదేమీ లేదు.

విఫలయత్నమే అసలు దొంగ

చెట్ల కింద ఖర్చెందుకు పెరుగుతుంది? ఇరిడియంలో ట్రాకర్ పంపినదానికి జవాబు రావాలి. రాకపోతే మళ్లీ ఉపగ్రహాన్ని వెతుకుతుంది, మళ్లీ పంపుతుంది. తడి ఆకులు, మనిషి ఒళ్లు రెండూ నీళ్ల మూటలే. 1.6 గిగాహెర్ట్‌జ్ దగ్గర ఆ నీళ్లు సంకేతాన్ని తాగేస్తాయి. ఇరిడియం ఉపగ్రహాలు 66, భూమికి 780 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతుంటాయి. ఒక్కోటి దిగంతం నుంచి దిగంతానికి దాటడానికి పది నిమిషాలకు మించదు. లోతైన కొండ సందులో ఉంటే ఆ పది నిమిషాల్లో మనకు కనబడేది నడినెత్తిన ఉన్న ఒకటి రెండు నిమిషాలే. అక్కడ నిలబడి పదే పదే పంపు బటన్ నొక్కడమంటే బ్యాటరీని చేజేతులా పారబోయడమే. ఒకసారి నొక్కి, పెట్టెను నేల మీద యాంటెనా పైకి ఉండేలా పెట్టి, పది పదిహేను నిమిషాలు వదిలేస్తే దాని పని అదే చూసుకుంటుంది.

స్పాట్ జెన్4 లాంటి ట్రాకర్ల కథ వేరు. అవి గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాలకు ఒకవైపు మాత్రమే మాట్లాడతాయి. వినడమన్నది వాటికి తెలియదు. సందేశాన్ని పంపి, చేరకపోతుందా అని ఊరుకుంటాయి. చేరిందో లేదో వాటికి తెలియదు కాబట్టి అడవిలో పంపే ఖర్చు పెరగదు. బదులుగా మ్యాప్ మీద చుక్కలు మాయమవుతాయి. ఒకే అడవిలో పక్కపక్కన వెళ్లే ఇద్దరిలో ఇన్‌రీచ్ ఉన్నవాడికి బ్యాటరీ తరుగుతుంది, స్పాట్ ఉన్నవాడికి జాడ తరుగుతుంది. స్పాట్ వాళ్లు ‘నా బ్యాటరీ మూడు వారాలు వచ్చింది’ అన్నప్పుడు ఎన్ని చుక్కలు చేరాయో కూడా అడగాలి.

స్పాట్‌లోనూ జీపీఎస్ ఖర్చు మాత్రం పెరుగుతుంది. స్థానం తేలేదాకా రిసీవర్ మేలుకునే ఉండాలి. ఇక్కడొక చిన్న లోపలి సంగతి. జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల వేగంతో పంపుతుంది. మన రోజుల్లో ఇంత నత్తనడక కనబడటం అరుదు. ఆ వివరాలు మొత్తం చేరడానికి 18 సెకన్లు తెగకుండా వినాలి, అదే ముప్పై సెకన్లకోసారి మళ్లీ మళ్లీ వస్తుంటుంది. మధ్యలో ఒక కొమ్మ అడ్డొచ్చి రెండు సెకన్లు తెగినా ఆ ముక్క కోసం తర్వాతి విడత దాకా ఆగాలి. ఒకసారి విన్న వివరాలు సుమారు నాలుగు గంటలు పనికొస్తాయి. ఆ లోపు లేచిన ట్రాకర్ కొద్ది సెకన్లలోనే స్థానం తేల్చేస్తుంది. నాలుగు గంటలకు మించి ఆపేసి తిరిగి ఆన్ చేస్తే మాత్రం మొదటి నుంచి వినాల్సిందే. ఇక భోజనానికి ఆగిన గంట కోసం ట్రాకర్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, ఆన్ చేసే అలవాటు వల్ల మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఆ గంటకు స్థిర ఖర్చు 0.06 శాతం, అంటే చుక్కన్నర.

ఎక్కడ కట్టాలి

ఇన్‌రీచ్ మినీకి పైన బొడిపెలా కనబడేది యాంటెనా. అది నిలువుగా ఆకాశం వైపు ఉండాలి. స్పాట్‌లో యాంటెనా బల్లపరుపు ముక్క, ముందు భాగం కిందే ఉంటుంది. కాబట్టి దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాలి, లోగో ఆకాశాన్ని చూడాలి. ఈ తేడా తెలియక స్పాట్‌ను బ్యాగు పక్కకు నిలువుగా వేలాడదీసేవాళ్లు ఎక్కువ. అలా వేలాడదీస్తే దానికి పూర్తి ఆకాశం బదులు సగం ఆకాశం, సగం నేల కనబడతాయి.

సైకిల్ మీద మంచి చోటు సీటు వెనక పొడుగు బ్యాగు పైభాగం. పట్టీ కింద బిగించి, జారితే పడిపోకుండా సన్న తాడుతో కట్టాలి. ఏరోబార్ల (హ్యాండిల్ నుంచి ముందుకు చాచిన కడ్డీల) మీద ముందు వైపు కూడా బాగుంటుంది, కానీ అక్కడే ఫోన్, జీపీఎస్ కంప్యూటర్, లైటు గుమిగూడతాయి. వాటి నుంచి ఒక అడుగు దూరం ఉండాలి. ముఖ్యంగా నాసిరకం యూఎస్‌బీ కన్వర్టర్లు వెదజల్లే రేడియో గోల జీపీఎస్ రిసీవర్ చెవులు మూసేస్తుంది. పెట్టె పనిచేస్తున్నట్టే ఉంటుంది, స్థానం మాత్రం తేలదు. పరుగు పందేల్లో అయితే సంచి భుజం పట్టీ పైకొస, మెడ పక్కన. ఛాతీ మీద పెడితే ముందుకు వంగినప్పుడల్లా ఒళ్లే గొడుగవుతుంది. తొడ జేబు, సీసా పెట్టే అర, బ్యాగు అడుగు ఇవన్నీ పనికిరాని చోట్లు.

వాన తొడుగుల సంగతి చూసుకోవాలి. మామూలు నైలాన్, ప్లాస్టిక్ గుడ్డ సంకేతానికి అడ్డం కాదు. లోపల వెండిరంగు పూత ఉన్న తొడుగు, మడిచి పెట్టుకున్న ఎమర్జెన్సీ దుప్పటి, కార్బన్ ఫైబర్ పలక మాత్రం గోడలే. దుప్పటిని ట్రాకర్ పైన కాకుండా కింద సర్దుకుంటే చాలు.

సెట్టింగులు: ఏది ఎంత

చాలామంది పట్టించుకోనిది లాగింగ్. పంపేది పది నిమిషాలకోసారే అయినా, తోవ వంపులన్నీ పడాలని సెకనుకోసారి స్థానం రాసుకునే సెట్టింగ్ ఒకటుంది. అది పెడితే జీపీఎస్‌కు నిద్ర ఉండదు. మొదటి తరం ఇన్‌రీచ్ మినీకి తయారీదారు ఇచ్చిన అంకెలే సాక్ష్యం: పది నిమిషాల ట్రాకింగ్‌తో 90 గంటలు, దానికి సెకను లాగింగ్ తోడైతే 35 గంటలు. తోవ వంపులు రాసుకోవడానికి హ్యాండిల్ మీద సైకిల్ కంప్యూటర్ ఎలాగూ ఉంది. ట్రాకర్‌లో లాగింగ్‌ను పంపే ఇంటర్వెల్‌తో సమానం చేయండి.

తర్వాతది సందేశాల తనిఖీ. ఇంటి నుంచి పలకరింపులు అప్పటికప్పుడు అందాలని లేకపోతే ఆ వ్యవధిని పెంచేయొచ్చు. చుక్క పంపినప్పుడు ఎలాగూ ఉపగ్రహంతో మాట కలుస్తుంది. బ్లూటూత్ దానికది పెద్దగా తినదు, కానీ ఫోన్ యాప్ తోడుంటే మనిషి ఊరుకోడు: వాతావరణం అడుగుతాడు, సందేశాలు పంపుతాడు, ఒక్కోటీ ఒక ఉపగ్రహ సంభాషణే. తెర వెలుగు, శబ్దాలు ఆపేయండి. ఒకేసారి పలు దేశాల ఉపగ్రహాలను వినే సెట్టింగ్ విషయంలో ఒకే మాట చెప్పలేం. మైదానంలో అది దండగ. ఇరుకు లోయలో మాత్రం స్థానం త్వరగా తేలి, ఆ లాభంతో దాని ఖర్చు తీరిపోతుంది.

స్పాట్‌లో కదలిక సెన్సర్ ఉంటుంది. కదలకపోతే ట్రాకింగ్ ఆపి, కదిలితే మొదలుపెడుతుంది. బ్యాటరీకి ఇది వరమే, అయితే పాత మోడళ్లలో ట్రాకింగ్ 24 గంటలకు దానంతటదే ఆగిపోయేది, రోజూ మళ్లీ నొక్కాలి. అరువు తెచ్చుకున్న పాత పెట్టెతో పోటీకి వెళ్లేవాళ్లు రెండో రోజు మాయమయ్యేది ఇక్కడే. బ్యాటరీ నిండుగానే ఉంటుంది, చుక్క ఉండదు.

సెల్స్: ఆల్కలైన్ ఎందుకు వద్దు

స్పాట్ జెన్4 లాంటివి నాలుగు ట్రిపుల్ ఏ లిథియం సెల్స్‌తో నడుస్తాయి. ఇవి ఛార్జింగ్ లేని లిథియం-ఐరన్ డైసల్ఫైడ్ సెల్స్, 1.5 వోల్టులు, ఒక్కోటి ఏడున్నర గ్రాములు. మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తాయి. ఆల్కలైన్ సెల్ లోపల నీటి ద్రావణం ఉంటుంది. చలికి మందగిస్తుంది, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ కుంగిపోతుంది. ట్రాకర్ పని చూస్తే గంటలకొద్దీ నిద్ర, క్షణకాలం గట్టి గుంజుడు. ఆల్కలైన్‌కు సరిపడనిది సరిగ్గా అదే. గోడ గడియారంలో ఏళ్లతరబడి నడిచే సెల్ ట్రాకర్‌లో రెండు రోజులకే చేతులెత్తేయడం అందుకే.

లిథియం సెల్‌కూ ఒక కపటం ఉంది. చివరిదాకా వోల్టేజీ నిలకడగా ఉండి, ఆఖర్న ఒక్కసారిగా కూలుతుంది. వోల్టేజీ చూసి బ్యాటరీ లెక్కగట్టే దీపం సగం దగ్గరా పచ్చగానే ఉంటుంది, పది శాతం దగ్గరా పచ్చగానే ఉంటుంది. కాబట్టి దీపాన్ని నమ్మకుండా రోజులు లెక్కపెట్టుకుని మార్చాలి. నాలుగూ ఒకేసారి, ఒకే ప్యాకెట్‌లోవి. పాతవి రెండు, కొత్తవి రెండు కలిపితే బలహీనమైన సెల్ దగ్గరే మొత్తం ఆగుతుంది. ఒక సెట్టు అదనపు బరువు ముప్పై గ్రాములు, అరటిపండు తొక్క కన్నా తక్కువ. కొరియర్ చేసే డ్రాప్ బ్యాగులో కాకుండా ఒంటి మీదే ఉంచుకోండి.

చలి

టూర్ డివైడ్ జూన్‌లోనే జరిగినా కెనడా, మోంటానా కనుమల్లో మంచు పడుతుంది. కొలరాడోలో ఇండియానా పాస్ 3,600 మీటర్ల పైన ఉంది. రీఛార్జబుల్ లిథియం-అయాన్ బ్యాటరీలో చలికి లోపలి నిరోధం పెరుగుతుంది. మామూలు పనికి అడ్డుండదు, కానీ పంపే క్షణంలో ఆ ఆంపియర్ శిఖరం వచ్చేసరికి వోల్టేజీ గభాలున పడిపోతుంది. పెట్టె దాన్ని బ్యాటరీ అయిపోవడంగా అర్థం చేసుకుని ఆరిపోతుంది. తెల్లారి ఒంటి వేడికి పెడితే 35 శాతం చూపిస్తూ లేస్తుంది. బ్యాటరీ చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు. గడ్డకట్టే రాత్రుల్లో ట్రాకర్‌ను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవాలా, గుడారం పైన వదిలేయాలా అన్నది పోటీ నియమాలను బట్టి ఉంటుంది. రాత్రంతా చుక్క కావాలనుకుంటే 50 శాతం పైన ఛార్జ్ ఉన్నప్పుడే బయట వదలండి. నిండు బ్యాటరీకి ఆ కుంగుబాటును తట్టుకునే జాగా ఉంటుంది.

సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయడం మాత్రం వేరే నేరం. లిథియం లోపలికి ఇంకక ఎలక్ట్రోడ్ మీద లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టం తిరిగిరాదు. మంచి పరికరాలు చలిలో ఛార్జింగ్‌ను తామే ఆపేస్తాయి. తెల్లవారుజామున కేబుల్ పెట్టి గంట తర్వాత చూస్తే శాతం కదలకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ముందు వేడి చేయండి, తర్వాత ఛార్జ్. రెండో కొస 45 డిగ్రీలు. వయోమింగ్‌లో గ్రేట్ డివైడ్ బేసిన్ దాటేటప్పుడు చెట్టు నీడ ఉండదు, నల్ల బ్యాగు మీద ఎండకు కాగుతున్న పెట్టెకు కేబుల్ పెట్టకూడదు.

ఛార్జింగ్: కరెంటుకు కొరత లేదు, క్రమానికే కొరత

ఇరవై రోజుల ప్రయాణంలో సగం అడవి, సగం మైదానం అనుకుందాం. పై లెక్క ప్రకారం మైదానంలో రోజుకు 7 శాతం, అడవిలో 20 శాతం. సగటు పదమూడున్నర. ఇరవై రోజులకు 270 శాతం, అంటే మూడు ఛార్జింగుల లోపు. వృథాతో కలిపి 16 వాట్-అవర్లు. పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 37 వాట్-అవర్లుంటే, మార్పిడి నష్టాలు పోను చేతికొచ్చేది ముప్పై పైచిలుకు. ట్రాకర్ మొత్తం పోటీకి తినేది అందులో సగమే. మరి ఎందుకు ఆరిపోతాయి? పవర్ బ్యాంకును ఫోన్ మింగేస్తుంది. ఒక ఫోన్ నిండా ఎక్కితేనే 15 వాట్-అవర్లకు పైన పోతాయి. వరసలో ట్రాకర్ ముందుండాలి, ఫోన్ తర్వాత. మా సలహా: 40 శాతానికి దిగగానే, లేదా నాలుగు రోజులకోసారి, ఏది ముందైతే అప్పుడు ఎక్కించండి.

ఇక్కడ దొర్లే పొరపాట్లు రెండు. చాలా పవర్ బ్యాంకులు లోడు కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లకు పడిపోతే పని అయిపోయిందనుకుని ఆగిపోతాయి. ట్రాకర్ చిన్న బ్యాటరీ, చివరి పది పదిహేను శాతం చాలా నెమ్మదిగా లాగుతుంది. తెల్లారి చూస్తే 87 దగ్గర ఆగి ఉంటుంది. ఇయర్‌ఫోన్ల కోసమని తక్కువ కరెంటు మోడ్ ఉన్న బ్యాంకు కొనండి, లేదా ఫోన్‌ను కూడా అదే బ్యాంకుకు తగిలించి లోడు నిలబెట్టండి.

రెండోది డైనమో హబ్. చక్రంలోని డైనమో గంటకు 15 కిలోమీటర్ల వేగం దగ్గర సుమారు 3 వాట్లిస్తుంది. ఎక్కుడులో వేగం ఎనిమిదికి పడితే కరెంటు తెగుతూ వస్తూ ఉంటుంది. ట్రాకర్‌ను నేరుగా దానికి తగిలిస్తే, తెగిన ప్రతిసారీ తెర వెలిగి, ఛార్జింగ్ మొదలై, ఆగి, పెరగడం పోయి తరుగుతుంది కూడా. డైనమో నుంచి పవర్ బ్యాంకుకు, పవర్ బ్యాంకు నుంచి ట్రాకర్‌కు: దారి ఇలా ఉండాలి. ఒకేసారి ఎక్కించుకుంటూ ఇవ్వగల పాస్-త్రూ బ్యాంకు అయితే నడుస్తూనే అవుతుంది, కాకపోతే పగలు బ్యాంకు నింపి రాత్రి ట్రాకర్‌కు ఇవ్వాలి. వానలో మాత్రం నడుస్తూ ఛార్జ్ వద్దు. తడిసిన పోర్టులో కరెంటు పారితే పిన్నులు రోజుల్లోనే తుప్పు పడతాయి. యూఎస్‌బీ మూత తీసే ముందు ఊది, గుడ్డతో తుడిచి, అప్పుడు పెట్టండి.

గదిలో పడుకున్నప్పుడు ట్రాకింగ్ ఆన్‌లో ఉంచి టేబుల్ మీద పెట్టడం దండగ. స్లాబు కప్పు, రేకుల కప్పు రెండింట్లోంచీ ఏమీ దాటదు. ప్రతి పది నిమిషాలకూ లేచి, వెతికి, ఓడి పడుకుంటుంది. అక్కడ ట్రాకింగ్ ఆపి ఛార్జింగ్‌కు పెట్టండి, తెల్లారి మొదటి పనిగా ఆన్ చేయండి. హ్యాండిల్ మీద చిన్న టేపు ముక్క అంటించి ‘ట్రాకర్’ అని రాసుకోవడం పిల్లచేష్టలా ఉంటుంది గానీ, నాలుగు గంటల నిద్రతో లేచినవాడికి అదే దిక్కు.

ఎస్‌ఓఎస్‌కు దాచి ఉంచాల్సింది

ఎస్‌ఓఎస్ నొక్కాక ఖర్చు మారిపోతుంది. ఇన్‌రీచ్ మొదటి పది నిమిషాలు నిమిషానికోసారి స్థానం పంపుతుంది, తర్వాత కదులుతుంటే పది నిమిషాలకు, ఆగి ఉంటే ముప్పై నిమిషాలకు. రక్షణ బృందంతో రాసుకునే సందేశాలు వేరే. పడిపోయేది చాలాసార్లు లోయలోనో చెట్ల కిందో కాబట్టి అడవి ధరలే వర్తిస్తాయి. స్పాట్ అయితే ఆపేదాకా, లేదా సెల్స్ అయిపోయేదాకా ఐదు నిమిషాలకోసారి పంపుతూనే ఉంటుంది. ముప్పై శాతాన్ని సున్నా అనుకుని నడుచుకోవడం మంచిది. ఒంటరిగా మారుమూలకు వెళ్లేవాళ్లలో కొందరు ప్రాణాపాయంలో మాత్రమే వాడే 406 మెగాహెర్ట్‌జ్ బీకన్ కూడా వేసుకెళ్తారు. దానికి ట్రాకింగ్ లేదు, బ్యాటరీ ఏళ్లతరబడి ముట్టకుండా ఉంటుంది, విప్పితే కనీసం 24 గంటలు కూస్తుంది.

బయల్దేరే ముందు ఒక పరీక్ష

తయారీదారు అంకెలు కొత్త బ్యాటరీవి. మూడేళ్లు వాడిన దానికి అందులో ఐదో వంతు పోయి ఉండొచ్చు. పోటీకి రెండు వారాల ముందు 100 శాతం ఎక్కించి, అసలు కట్టబోయే చోటే కట్టి, అసలు పెట్టబోయే సెట్టింగులతో పన్నెండు గంటలు తిప్పండి. మొదలూ చివరా శాతం రాసుకోండి. మ్యాప్‌లో చుక్కలు లెక్కపెట్టండి: 72 రావాలి. 70 వచ్చి నాలుగైదు శాతం తరిగితే అంతా బాగున్నట్టే. 70 వచ్చి పన్నెండు శాతం పోతే పెట్టె కష్టపడి పంపుతోందని అర్థం, చోటు మార్చండి. చుక్కలే యాభైకి పడితే జీపీఎస్ పక్కన ఏదో గోల చేస్తోంది, ఒక్కో పరికరం ఆపి చూడండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లు ఈ పరీక్షకు ముందే అయిపోవాలి, తర్వాత ముట్టకూడదు.

నిర్వాహకులే ట్రాకర్లిచ్చే పోటీల్లో ఇంకో వెసులుబాటు ఉంది. ఇరిడియం చిన్న సందేశంలో 340 బైట్లు పడతాయి. ఒక స్థానానికి పది పన్నెండు బైట్లు చాలు. పదిహేను నిమిషాలకో స్థానం రాసుకుని, నాలుగింటినీ కట్టగట్టి గంటకోసారి పంపితే జాడ చిక్కగానే ఉంటుంది, ఉపగ్రహంతో మాట గంటకు ఒక్కసారే. పడవ పందేల్లో వాడే కొన్ని ట్రాకర్లకు ఇంటర్వెల్‌ను ఒడ్డు నుంచే మార్చొచ్చు: నడి సముద్రంలో గంటలు, గీత దగ్గర నిమిషాలు.

మన దగ్గర మాట

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఇవి వాడే తెలుగువాళ్లు సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలో సర్దుకోకండి. భారతదేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, మెసెంజర్లు వాడటం చట్టవిరుద్ధం. ఇన్‌రీచ్ లాంటివి సామాన్లలో దొరికి విమానాశ్రయాల్లో యాత్రికులను పట్టుకున్న సందర్భాలున్నాయి. ఇక్కడి 600 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరాల సైకిల్ యాత్ర) లో, 40 గంటల గడువులో, ఫోన్ లొకేషనే ట్రాకర్. సూత్రం మారదు: నల్లమలలో టవర్ దొరకని ఫోన్ మొత్తం శక్తితో టవర్‌ను వెతుకుతూనే ఉంటుంది. అక్కడ ఏరోప్లేన్ మోడ్ పెడితే జీపీఎస్ వినడం ఆగదు, వెతుకులాట ఆగుతుంది. ఊరు రాగానే తీసేస్తే చాలు.

చుక్క ఆగినప్పుడు ఇంటి దగ్గర

చుక్క ఆగిన తీరు చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. ఆగే ముందు చుక్కల మధ్య ఎడం పెరుగుతూ, ఒకటీ అరా తప్పుతూ వచ్చిందా? అడవిలోకో లోయలోకో దిగారు, అటు పక్క మళ్లీ కనబడతారు. పది నిమిషాలకు తప్పకుండా వచ్చి ఊరి మధ్యలో ఆగిందా? గదిలో ట్రాకింగ్ ఆపి పడుకున్నారు. కొండ మీద చీకటి పడ్డాక ఆగి, తెల్లారి ఎండెక్కాక అక్కడే మొలిచిందా? చలికి ఆరి లేచింది. వరసగా వస్తూ వస్తూ నడిదారిలో, పగటిపూట, తెరిచిన ఆకాశం కింద ఆగితే మాత్రం ఆఖరి చుక్కలో చూపించిన బ్యాటరీ శాతం, ఆఖరి వేగం రాసిపెట్టుకోండి. ఎన్ని గంటలు చూసి ఎవరికి ఫోన్ చేయాలన్నది బయల్దేరే ముందు ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకుని ఉండాలి.